తీగ మీదికి ఇద్దరు వెళ్ళారు

మా మామయ్యగారు టీ అడిగినా, తలుపు తీసినా, చివరికి అలిగినా ముందు "హలో" అంటారు. "హలో, టీ ఉందా అమ్మాయ్?" "హలో, నా స్క్రూడ్రైవర్ ఎవరు తీశారు?" ఆయన సైన్యంలో టెలిఫోను తీగలు వేసే పని చేశారు. తెగిన తీగ అతికించిన ప్రతిసారీ అవతలివాడు పలికేదాకా హలో అంటూనే ఉండాలట. ఉద్యోగం పోయింది గాని ఆ మాట పోలేదు. వీధిలో పిల్లలందరికీ ఆయన హలో తాత.

మా ముందుగది రెండు రాజ్యాలు. కిటికీ వైపు నా కుట్టుమిషను, కుట్టాల్సిన స్కూలు యూనిఫారాల గుట్ట. గోడ వైపు ఆయన బల్ల, దానిమీద ప్రాణంపోయిన ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు. ఆయన సోల్డరింగు పొగ నా బట్టలకు పట్టేది. నా దారప్పోగులు వెళ్ళి ఆయన మోటార్లలో చుట్టుకునేవి. రోజుకొక్కసారైనా మాటామాటా అనుకోకపోతే మా ఇద్దరికీ తోచేది కాదు. మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి "సరిహద్దు ప్రశాంతంగా ఉందా?" అని అడిగి, జవాబు వినకుండా లోపలికి పోయేవాడు. నోట్లో నాలుక లేని మనిషి కాదు గాని, మా మధ్య నాలుక పెట్టేంత ధైర్యం లేదు.

ఏడాదికోసారి మాజీ సైనికుల సమావేశం జరుగుతుంది. దానికి ముందురోజు మామయ్య తన రెండు పతకాలూ తీసి బల్లమీద పెట్టేవారు. వాటి రంగు పట్టీలు మాసిపోతే కొత్తవి తెప్పించి, సన్నటి ఇత్తడి బద్దకు బిగించి కుట్టడం నా పని. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో కూడా సైన్యంలో నియమం ఉందట. ఒకసారి నేను చూడక అటుదిటూ ఇటుదటూ కుడితే, కొంప మునిగినట్టు విప్పించి మళ్ళీ కుట్టించారు. రెండంటే రెండు గుడ్డముక్కలకు ఇంత హంగామా ఏమిటని నేను మండిపడ్డాను.

అంత ముస్తాబై వెళ్ళిన మనిషి, ప్రతి ఏడూ మొహం ముడుచుకునే తిరిగొచ్చేవారు. కోటు విప్పేవారు, పతకాలు విప్పేవారు, బల్ల ముందు కూర్చుని ఎవరిదో ఒక ఫ్యాను విప్పేవారు. ఒక ఏడు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం మామయ్యా, అక్కడ ఎవరైనా ఏమైనా అంటున్నారా? పేరు చెప్పండి. నేనొచ్చి కడిగేస్తాను."

"హలో, నువ్వు రావద్దు తల్లీ, నీకో దండం." ఒక స్క్రూ తిప్పి బిగించారు. "అక్కడ ఎవరూ మొహం చూడరమ్మా. ముందు ఛాతీ చూస్తారు. పట్టీల రంగులు చూస్తే చాలు, ఏ మనిషి ఎక్కడెక్కడ పనిచేశాడో పుస్తకం చదివినట్టు చదివేస్తారు. ఇవాళ ఒకాయన నా ఛాతీ చూసి, 'బాగుందోయ్, మొత్తం సర్వీసంతా ఎండ కాగుతూ గడిపేశావన్నమాట' అన్నాడు. సరదాకే అన్నాడులే. నా ఛాతీ మీద మంచు లేదు కదా."

"మరి ఉందా, మంచు?"

ఆయన నావైపు తిరగకుండానే చెప్పారు. మంచుకొండల మీద ఒక చలికాలం పనిచేశారట. అక్కడున్న పటాలంలో తీగలవాళ్ళు చాలక, ఎక్కడో ఎడారి పక్కన డిపోలో ఉన్న మామయ్యను అరువు పంపారు. అక్కడ ఆయనకు ఒక జోడీ దొరికాడు. తీగ తెగితే ఒక్కరే వెళ్ళకూడదు. ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి. ఒకరు తీగ అతికిస్తుంటే ఇంకొకరు చుట్టూ చూస్తుండాలి. ఆ ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, జోడీ అనే పిలుచుకుంటారు. మామయ్య కంటే ఆయన రెండు మూడేళ్ళు పెద్దట. పెళ్ళయినవాడు. మామయ్యకు అప్పటికింకా కాలేదు.

ఒకరోజు తుపానులో తీగ తెగింది. ఇద్దరూ వెళ్ళారు. తెగినచోటు దొరికింది, అతికించారు గాని వెనక్కి దారి దొరకలేదు. ఒక బండ చాటున వీపు వీపు ఆనించుకుని కూర్చున్నారు. నిద్రపోతే అంతే సంగతులు. అందుకని ఒకరినొకరు పొడుచుకుంటూ, తిట్టుకుంటూ, మాట్లాడుకుంటూనే ఉన్నారు. తుపాను తగ్గి వెతికేవాళ్ళు వచ్చేసరికి మామయ్య ఉన్నారు, జోడీ లేడు.

"ఆయనకి పతకం ఇచ్చారు" అన్నారు మామయ్య. "ఇవ్వాల్సిందే. కానీ దానితోపాటు ఇంటికి పంపిన ప్రశంసాపత్రంలో, తుపానులో ఒంటరిగా వెళ్ళి తీగ కలిపాడని రాశారమ్మా."

"ఒంటరిగానా? మరి మీరు?"

"నేను లేను."

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే పట్టువదలకుండా ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. సైన్యంలో అరువు పంపిన మనిషి పేరు సొంత యూనిట్‌ పేర్ల జాబితాలోనే ఉంటుంది. పని మాత్రం అక్కడ చేస్తాడు. పతకాలకు పేర్లు పంపమన్నప్పుడు పటాలంవాళ్ళు తమ జాబితా తీసి అందులో ఉన్నవాళ్ళ పేర్లు పంపారు. అరువు మనిషి సంగతి అతని సొంత యూనిట్ చూసుకుంటుందనుకున్నారు. సొంత యూనిట్‌వాళ్ళేమో, పని చేయించుకున్నవాళ్ళే పంపుతారనుకున్నారు. ఆ సమయానికి మామయ్య ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. జోడీకి ప్రశంస రాసిన గుమాస్తా కూడా పటాలం జాబితా చూసే రాశాడు. అందులో తీగలవాడు ఒక్కడే కనిపించాడు కాబట్టి ఒక్కడే వెళ్ళాడని రాసేశాడు. చొక్కా ఒకరికీ చేతులు ఒకరికీ కుట్టడానికి ఇస్తే, గుండీలు అవతలివాళ్ళు వేస్తారని ఇద్దరూ వదిలేసినట్టుంది.

"పోనీ, పతకం లేకపోతే ఏం మామయ్యా?" అన్నాను, ఆయన్ని ఓదార్చాలని.

"పతకం కోసమా నా ఏడుపు!" అని ఆయన ఎన్నడూ లేనంతగా గొంతు పెంచారు. "జోడీ భార్యకు, అదే వదినకు, చెప్పాల్సిన మాటలున్నాయమ్మా నా దగ్గర. వాడు చివరిదాకా మాట్లాడింది ఆవిడ గురించే. ఆసుపత్రి నుంచి వదిలిన వెంటనే చంకలో కర్రలతో వాళ్ళింటికి వెళ్ళాను. జోడీ తమ్ముడు గేటు దగ్గరే ఆపేశాడు. మా అన్న ఒంటరిగా వెళ్ళాడని సర్కారే రాసింది, నువ్వెవరు, కాకమ్మ కబుర్లు చెప్పి ఏం గుంజుకుందామని వచ్చావు అన్నాడు. వాళ్ళ ఇంట్లో ఉన్న గౌరవం అదొక్కటే కదా, ఆ 'ఒంటరిగా' అన్న మాట. నేను దాన్ని లాక్కోవడానికి వచ్చానని అతని కోపం. ఆవిడ బయటికి రాలేదు. సరే, నేనూ ఉన్నానని కాగితం తెచ్చాకే మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను."

అది జరిగి నలభై ఏళ్ళు. మధ్యలో ఆయనకు పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, అత్తయ్య పోయింది, నేను వచ్చాను. ఆయన అర్జీలు పెడుతూనే ఉన్నారు. ప్రతిసారీ ఒకటే జవాబు. మా రికార్డు ప్రకారం మీరు ఆ చలికాలం డిపోలో ఉన్నారు.

"నాన్నా, ఇంక వదిలెయ్ నాన్నా" అనేవాడు మా ఆయన. నేను మాత్రం వదల్లేదు. ఇంకొకరిమీద కోపం వస్తే నాకు ఆకలి కూడా వెయ్యదు. తాడోపేడో తేల్చుకుందామని, యూనిఫారాల పని పక్కింటావిడకు అప్పజెప్పి, మామయ్యను వెంటబెట్టుకుని రికార్డు ఆఫీసుకు ప్రయాణమయ్యాను.

అది పొడవాటి భవనం. లోపల వరండాలో బెంచీలు, బెంచీల మీద మామయ్య వయసువాళ్ళు, వాళ్ళ ఒళ్ళో ప్లాస్టిక్ సంచులు. అందరి సంచులూ ఒకేలా ఉన్నాయి. కిటికీ వెనక గుమాస్తా చెడ్డవాడేం కాదు. ఓపికగానే విన్నాడు.

"పెద్దాయనా, నేను మిమ్మల్ని నమ్మడం వేరు, రాయడం వేరు. మీరు అక్కడున్నట్టు ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. మీతోపాటు పనిచేసినవాళ్ళు ఎవరున్నారు?"

"ఉన్నది ఒక్కడే బాబూ" అన్నారు మామయ్య. "వాడు పోయాడు."

"మరెలా?" అని గుమాస్తా నీళ్ళు నమిలాడు. పక్క సంచీవైపు చూశాడు. అంటే మేం లేవాలని.

నేను లేవలేదు. "బాబూ, మీ లెక్కలో ఈయన ఆ చలికాలం ఎక్కడున్నట్టు?"

"ఎడారి దగ్గర డిపోలో."

"అక్కడ మంచు పడుతుందా?"

అతను నవ్వాడు. "అక్కడ వాన పడితేనే సెలవిస్తారమ్మా."

"మామయ్యా, మేజోళ్ళు విప్పండి."

ఆయన కంగారుపడ్డారు. ఎండలు మండిపోతున్నా ఇంట్లో మేజోళ్ళు విప్పని మనిషి. నా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన పాదాలు నేను ఒకే ఒక్కసారి, జ్వరంలో ఉన్నప్పుడు చూశాను. "హలో, ఇక్కడా? వద్దమ్మా, అందరూ ఉన్నారు" అని గొణిగారు. నేను కదల్లేదు. చివరికి బెంచీ మీద కూర్చుని విప్పారు. ఎడమపాదానికి బొటనవేలు మినహా ఏమీ లేవు. కుడిపాదానికి చివరి రెండూ లేవు. బెంచీల మీద పెద్దవాళ్ళెవరూ అయ్యో అనలేదు. వాళ్ళలో ఒకాయన మాత్రం "మంచు" అన్నాడు, ఎవరో తెలిసినవాణ్ణి చూసినట్టు.

గుమాస్తా కిటికీ వదిలి బయటికి వచ్చాడు. వేళ్ళు ఎప్పుడు పోయాయి, ఏ ఆసుపత్రిలో తీశారు అని అడిగాడు. మామయ్య చెప్పారు. "ఆసుపత్రి కాగితాలు మా దగ్గర ఉండవు. పై అంతస్తులో వైద్య విభాగం" అంటూ అతను మెట్లెక్కి వెళ్ళాడు. చాలాసేపటికి దుమ్ముకొట్టుకుపోయిన ఫైలుతో దిగాడు. అతి చలికి వేళ్ళు చచ్చుబడి తీసేసినట్టు, కొండమీది శిబిరం నుంచి మోసుకొచ్చినట్టు అందులో రాసే ఉంది. మామయ్య పింఛను లెక్క కట్టింది కూడా దాన్ని బట్టేనట. ఒకే మనిషి రెండు ఫైళ్ళు ఒకే భవనంలో, ఒకే మెట్లకు పైనా కిందా అన్నేళ్ళు కూర్చున్నాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. ఎవరినైనా తిడదామంటే తిట్టడానికి ఒక్క మనిషీ దొరకలేదు. అది నాకు ఇప్పటికీ కొరతే.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. దిద్దడానికి ఒక కమిటీ కూర్చోవాలట. కూర్చోవడానికి ముందు ఇంకెవరో లేవాలట. ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ ఏడాది దాటింది.

ఆ రోజుల్లో మామయ్య మారిపోయారు. పోట్లాట తగ్గించేశారు. బల్లముందు ఇస్త్రీపెట్టె పెట్టుకుని, చేతులు ఊరికే ఉంచి, పెదాలు కదిపేవారు. ఏమిటని ఒకరోజు గట్టిగా అడిగితే చెప్పారు.

"మరిచిపోతానేమోనని భయమమ్మా. వాడు చెప్పినవన్నీ రోజుకొకసారి మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళూ అలాగే దాచాను. ఈమధ్య ఒకచోట తడుముకుంటున్నాను. ముందు ఏమన్నాడు, తర్వాత ఏమన్నాడు అని. అవి నావి కావు కదా. ఆవిడవి. ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు."

పోట్లాడే మనిషి పోట్లాడకపోతే ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో అప్పుడే తెలిసింది. నేను కావాలని ఆయన మోటారులో దారప్పోగులు పడేసినా ఏమీ అనలేదు.

చివరికి వచ్చింది. దిద్దిన సర్వీసు పత్రం, చిన్న డబ్బాల్లో రెండు కొత్త పతకాలు. ఆయన డబ్బాలు తెరవలేదు. పత్రంలో ఒక్క వాక్యం దగ్గర వేలుపెట్టి ఉంచారు. ఫలానా చలికాలం కొండమీది శిబిరంలో, తీగ దిద్దడానికి వెళ్ళిన ఇద్దరిలో ఒకరు, అని ఉంది. పక్కన రెండో మనిషి పేరుంది. ఆయన ఆ పేరు పైకి చదివారు. నాకు ఆ పేరు వినడం అదే మొదలు. అన్నాళ్ళూ నాకు జోడీ అనే తెలుసు.

నాలుగు పట్టీలూ వరసలో కుట్టి బద్దకు బిగించాను. ఈసారి తప్పు కుట్టలేదు. సమావేశానికి ఇంకా నెలలున్నాయి కదా అంటే, "సమావేశం ఎవరిక్కావాలి? రేపు బయల్దేరదాం" అన్నారు. మా ఆయన సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు. బస్సులో డ్రైవరు సీటు కాక ఇంకో సీటులో కూర్చోవడం తనకు అలవాటులేక, ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కుతూ వచ్చాడు.

వీధి మామయ్యకు గుర్తుంది. ఇల్లు మారిపోయింది, గేటు మాత్రం అదే. మామయ్య గేటు బయటే ఆగిపోయారు. కోటు సర్దుకున్నారు. నేను గడియ తీశాను.

తలుపు తీసినావిడ చిన్నగా, తెల్లగా ఉంది. ఏ ఆసుపత్రిలోనో ఆయాగా చేసి మానేసిందని తర్వాత తెలిసింది. మరిది పోయి చాలా ఏళ్ళయిందట, ఒక్కతే ఉంటోంది. గదిలో రెండు కుర్చీలు, ఒక మంచం. గోడమీద యూనిఫారంలో ఒక కుర్రవాడి ఫోటో, దాని కింద చట్రం కట్టిన పతకం, ప్రశంసాపత్రం. మామయ్య ఆ ఫోటో చూసి హలో అనడం కూడా మరిచిపోయారు. సర్వీసు పత్రం తీసి రెండు చేతులా పట్టుకుని ఆవిడ ముందుకు చాపారు.

"వదినా, నేను... నేనూ ఉన్నానని రాశారు. ఇదుగో. చూడండి."

ఆవిడ పత్రం అందుకోలేదు. ఆయన మొహాన్నే చూస్తూ ఉంది.

"కర్రల మీద వచ్చారు కదూ, అప్పుడు?" అంది.

మామయ్య తలూపారు.

"నేను తలుపు వెనకే ఉన్నాను. మా మరిది మిమ్మల్ని అనరాని మాటలన్నాడు. మీరేమో, 'వాడు నన్ను నిద్రపోనివ్వలేదు, వాడే నిద్రపోయాడు' అని ఏడ్చారు. అప్పుడే నమ్మేశాను నేను. దీనికి కాగితం ఎందుకు?"

మామయ్య చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. నేను ఆగలేకపోయాను.

"నమ్మినవాళ్ళు ఒక్క మాట కబురు పెట్టకూడదా అమ్మా? ఈయన నలభై ఏళ్ళు..."

"పెట్టకుండా ఎలా ఉంటానమ్మా?" ఆవిడ నావైపు తిరిగింది. గొంతు పెరగలేదు. "పేరు తెలియదు, ఊరు తెలియదు. మా ఆయనతో ఉన్న మనిషి ఎవరో చెప్పండి, ఒక్కసారి చూడాలి అని పటాలానికి రాయించాను. అలాంటి మనిషెవరూ అక్కడ లేరని జవాబు పంపారు. మళ్ళీ రాయించాను, మళ్ళీ అదే జవాబు. గేటు చప్పుడైతే మీరేమోనని చూసేదాన్ని. చాలా ఏళ్ళు చూశాను."

మా ఆయన గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఈయన కాగితం కోసం ఆగారు. ఆ కాగితం లేకే ఆవిడకు ఈయన దొరకలేదు. ఆ ఇద్దరి మధ్యా ఒకే బస్సు, సగం రోజు ప్రయాణం. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది, ఏడ్చాను కూడా.

ఆవిడ మామయ్య చేతిలోంచి పత్రం తీసి మంచంమీద పెట్టింది. ఒక కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, రెండో కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి. ఏమన్నారు?"

మామయ్య గొంతు సవరించుకున్నారు. మొదట తడబడ్డారు. తర్వాత మాట కుదురుకుంది.

"మీ గురించే వదినా. మీకు కోపమొస్తే నోరెత్తరని, గిన్నెలు గట్టిగా పెడతారని చెప్పాడు. గిన్నెల చప్పుడు బట్టి ఎంత కోపమో తెలిసిపోతుందన్నాడు. సెలవు అయిపోయి వచ్చేటప్పుడు స్వెట్టర్ గురించి పోట్లాడుకున్నారట కదా?"

ఆవిడ తలెత్తి గోడమీద ఫోటోవైపు చూసింది.

"నీలం ఉన్ని అయిపోయి ఒక చెయ్యి ఎర్రది అల్లారట. తోటివాళ్ళు నవ్వుతారని వాడు విసుక్కుని, సరిగా చెప్పకుండానే రైలెక్కేశాడట."

"దాన్ని పారేశారు" అంది ఆవిడ. "పెట్టె ఇంటికొచ్చింది. అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు. ఎక్కడో పారేసి ఉంటారు. అంత కోపం మీద వెళ్ళారు."

"పెట్టెలో ఎలా ఉంటుంది వదినా? ఒంటి మీదుంటే!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కోటు లోపల అదే వేసుకునేవాడు. అందరూ నవ్వారు. నవ్వుకోండ్రా అనేవాడు. ఇద్దరం ఆ బండ దగ్గర కూర్చున్నప్పుడు, ఇంటికి పోగానే దానికి చెప్పాలి జోడీ, రెండో చెయ్యి కూడా ఊడదీసి ఎర్రదే వెయ్యమని, ఆ ఎర్ర చెయ్యే వెచ్చగా ఉంది అన్నాడు. దాని తర్వాత కాసేపు ఏమీ అనలేదు. నేను పొడిచాను. మళ్ళీ అదే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు వదినా. నవ్వడం నా వీపుకు తెలిసింది."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. అవి కారుతూనే ఉన్నాయి, కానీ మొహం నవ్వుతోంది. "ఇంకా?" అంది. మామయ్య ఇంకా చెప్పారు. "ఇంకా?" అంది. దాచుకున్నవన్నీ అయిపోయాయి. మామయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "అంతే వదినా. తర్వాత వాడు మాట్లాడలేదు" అన్నారు.

ఆవిడ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి" అంది.